మారీచుణ్ని ఒప్పించిన మాటలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు అరణ్యకాండలోని ఒకే ఘట్టాన్ని గురించి ఉన్నాయి. అందువల్ల శీర్షికను పూర్తిగా ఆ ఘట్టానికే కేటాయిస్తున్నాను. జవాబులకు ఆధారం వాల్మీకి రామాయణమే. మరో రామాయణం ప్రసక్తి వచ్చిన చోట ఆ సంగతి విడిగా చెప్పాను.

ప్రశ్న: ఇటీవల కుటుంబంతో భద్రాచలం వెళ్లి, అక్కడి నుంచి పర్ణశాల కూడా చూసి వచ్చాము. బంగారు లేడి బొమ్మ దగ్గర మా మనుమడు ఒక ప్రశ్న అడిగాడు. అంతకుముందే రాముడి బాణం దెబ్బ తిన్న మారీచుడు మళ్లీ ఆ రాముడి ఎదుటికే వెళ్లడానికి ఎలా ఒప్పుకున్నాడు? రావణుడు ఏం చెప్పి ఒప్పించాడు? నాకు జవాబు తోచలేదు. దయచేసి వివరించగలరు.
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: మీ మనుమడికి నా ఆశీస్సులు. ఆ ఘట్టానికి ఆయువుపట్టు అదే. 35వ సర్గ మొదలు 42వ సర్గ వరకు వాల్మీకి ఈ ఒక్క సంగతినే నడిపించాడు. మనం ప్రవచనాల్లో, నాటకాల్లో రెండు మాటల్లో ముగించే సంభాషణకు ఆయన ఇన్ని సర్గలు ఇచ్చాడంటే, ఒక మనిషి తనకు ఇష్టం లేని పాపంలోకి ఎలా దిగుతాడో చూపించడం ఆయనకు ఎంత ముఖ్యమో గ్రహించవచ్చు.

ముందు మారీచుడి భయం ఎంతటిదో తెలుసుకోవాలి. విశ్వామిత్రుడి యాగం పాడుచేయబోయినప్పుడు, ఇంకా మీసం కూడా రాని పిల్లవాడి బాణం తగిలి అతడు నూరు యోజనాల దూరాన సముద్రంలో పడ్డాడు. అయినా బుద్ధి రాలేదు. తరువాత వాడి కొమ్ములున్న పెద్ద మృగం రూపం ధరించి, మృగరూపంలోనే ఉన్న మరో ఇద్దరు రాక్షసులతో కలిసి దండకారణ్యంలో మునులను చంపి తింటూ తిరిగాడు. అక్కడ నారచీరలు కట్టి కనిపించిన రాముణ్ని చూసి, ఇప్పుడు ఇతడూ తాపసియే కదా అనుకుని పాత పగతో మీదికి వెళ్లాడు. రాముడు మూడు బాణాలు వేశాడు. తోడు వచ్చిన ఇద్దరూ చచ్చారు. మారీచుడు ఒక్కడే తప్పించుకుని, ఆ రోజు నుంచి జడలు పెంచి, కృష్ణాజినం ధరించి, మితాహారంతో సముద్రం అవతలి ఒడ్డున ఒక ఆశ్రమంలో ఒదిగి బతుకుతున్నాడు. చెట్టు చెట్టులోనూ తనకు విల్లు పట్టిన రాముడు, పాశం పట్టిన యముడిలా కనిపిస్తున్నాడని అతడే చెప్పుకున్నాడు. రత్నం, రథం వంటి ‘ర’కారంతో మొదలయ్యే మాటలు విన్నా తనకు వణుకు పుడుతుందని కూడా అన్నాడు. ఇంతకన్నా నిజాయితీగా భయాన్ని ఒప్పుకున్న పాత్ర రామాయణంలో మరొకటి నాకు కనిపించదు.

అటువంటివాడి దగ్గరికి రావణుడు వచ్చి మొదట పలికిన మాట ఆజ్ఞ కాదు. ‘నాయనా మారీచా, నేను ఆర్తుణ్ని, ఈ ఆపదలో నాకు నువ్వే పరమగతివి’ అన్నాడు. మూడు లోకాలను గడగడలాడించినవాడు తన కింది రాక్షసుడి ముందు ఇంత దీనంగా మొదలుపెట్టాడు. ఆ వెంటనే రాముడి మీద నిందలు వేశాడు: తండ్రికి కోపం వచ్చి వెళ్లగొట్టిన కొడుకు, శీలం లేనివాడు, కర్కశుడు, లోభి, ఏ వైరమూ లేకుండానే బలముందన్న గర్వంతో తన చెల్లెలి ముక్కుచెవులు కోయించినవాడు అన్నాడు. శూర్పణఖ సీతను తినబోయిందన్న సంగతి మాత్రం ఎత్తలేదు. ఈ ఘట్టం మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసే భాగం ఇదే. ఒకరికి అన్యాయం చేయడానికి మరొకరి సాయం కావలసినవాడు, ఆ అన్యాయానికి గురికాబోయేవారిని ముందుగా మాటలతో చెడ్డవారిని చేస్తాడు. చెడ్డవాడికే కదా చేస్తున్నది అనిపిస్తే సాయపడేవాడి మనసు అంతగా ఎదురుతిరగదు.

తరువాత పొగడ్త వచ్చింది. వీర్యంలో, యుద్ధంలో, దర్పంలో నీకు సాటి లేదు, ఉపాయం తెలిసినవాడివి, మాయలన్నింటిలో ఆరితేరినవాడివి అన్నాడు. సీతను ‘పరాక్రమించి’ తెస్తానని కూడా అన్నాడు. కానీ చెప్పిన పథకంలో పరాక్రమం ఎక్కడుందో వెతికి చూడండి. మారీచుడు వెండి చుక్కలున్న బంగారు లేడిగా మారి సీత కంటబడాలి. దాన్ని పట్టి తెమ్మని ఆమె అన్నదమ్ములిద్దరినీ పంపుతుంది. వాళ్లు దూరమయ్యాక, ఎవరూ లేని ఇంటి నుంచి రావణుడు సీతను ఎత్తుకుపోతాడు. భార్యను పోగొట్టుకున్న దుఃఖంతో రాముడు చిక్కి శల్యమయ్యాక అప్పుడు నిబ్బరంగా దెబ్బ కొడతాడు. రాముడి బాణానికి ఎదురుగా నిలిచే పని మారీచుడిది, దిక్కులేని ఆడదాన్ని పట్టుకునే పని రావణుడిది. దీన్ని వింటూనే మారీచుడి నోరు ఎండిపోయింది. పెదవులు తడుపుకుంటూ, రెప్ప వేయకుండా, ప్రాణం పోయినవాడిలా రావణుణ్ని చూస్తూ ఉండిపోయాడు.

అయినా తేరుకుని మాట్లాడాడు, చాలా గొప్పగా మాట్లాడాడు. ఎప్పుడూ ఇంపైన మాటలు చెప్పేవారు సులభంగా దొరుకుతారని, కటువైనా మేలు చేసే మాటను చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ దుర్లభమని మనం తరచు వినే సూక్తి మారీచుడు రావణుడితో అన్నదే. రాముణ్ని తండ్రి వెళ్లగొట్టలేదని, తండ్రి మాట దక్కించడానికి తానై అడవికి వచ్చాడని, అతడు లోభి కాడని, దుశ్శీలుడు కాడని ఒక్కొక్క నిందనూ విడివిడిగా తిప్పికొట్టాడు. ‘రామో విగ్రహవాన్ ధర్మః’ (రాముడు రూపు దాల్చిన ధర్మం) అని మన ఇళ్లలో పెద్దలు భక్తితో తలచుకునే వాక్యం కూడా ఈ సంభాషణలోనే, రాముణ్ని చూస్తే గుండె జారిపోయే ఈ రాక్షసుడి నోటనే వచ్చింది.

దీనికి రావణుడు ఏమని బదులిచ్చాడు? ఒక్క వాదానికీ బదులివ్వలేదు. చావు ముంచుకొచ్చినవాడు మందు తీసుకోనట్లుగా అతడు ఆ హితవు తీసుకోలేదని కవి అంటాడు. నీ మాటలు చౌడు నేలలో చల్లిన విత్తులని రావణుడే అన్నాడు. నేను నిన్ను మంచిచెడ్డలు అడగలేదు, చేయవలసిన పనికి సాయమడిగాను అన్నాడు. మంత్రి అన్నవాడు రాజు అడిగినప్పుడే చేతులు కట్టుకుని రాజుకు నచ్చేటట్లు చెప్పాలన్నాడు. రాజు అగ్ని, ఇంద్రుడు, సోముడు, యముడు, వరుణుడు అనే ఐదుగురి రూపాలూ ధరించేవాడని గుర్తుచేశాడు. కాసేపటి క్రితం ‘నాకు నువ్వే దిక్కు’ అన్న నోటితోనే ఈ మాటలు కూడా అన్నాడు.

ఆపైన పథకానికి కొత్త అంశం ఒకటి చేర్చాడు. రాముణ్ని దూరంగా తీసుకుపోయాక, అచ్చం రాముడి గొంతుతో ‘హా సీతా, హా లక్ష్మణా’ అని అరవాలి. ఇది చేశాక నీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్లిపోవచ్చు, నా రాజ్యంలో సగం నీకు ఇస్తాను అన్నాడు. చివరకు అసలు మాట బయటపెట్టాడు: రాముడి దగ్గరికి వెళితే నీ ప్రాణాలు దక్కుతాయో లేదో సందేహం, నన్ను కాదంటే చావు ఈ రోజే ఖాయం.

సామ దాన భేద దండోపాయాలు రాజనీతిలో శత్రువు మీద ప్రయోగించేందుకు చెప్పినవి. రావణుడు వాటిని నాలుగింటినీ తనను నమ్ముకుని బతికే సొంతవాడి మీద ప్రయోగించాడు. వీటిలో మారీచుణ్ని కదిలించినది ఏది అన్నది మీ మనుమడి ప్రశ్నకు అసలు జవాబు. అర్ధరాజ్యం గురించి మారీచుడు మారుమాటైనా అనలేదు. పొగడ్తకు కరగలేదు. రాముడు చెడ్డవాడన్న మాట నమ్మనే లేదు. అతణ్ని కదిలించింది చివరి మాట ఒక్కటే, అది కూడా ఒక లెక్కగా. ఇటు నుయ్యి, అటు గొయ్యి. ఏ చావు మేలు అన్నదే మిగిలింది. ‘నన్ను చంపిన రాముడు నిన్నూ త్వరలోనే చంపుతాడు, ఎలాగూ చావు తప్పనప్పుడు శత్రువు చేతిలో చస్తే నా జన్మ చరితార్థమే’ అన్నాడు. ఒప్పుకునే ముందు కూడా తిట్టవలసినదంతా తిట్టాడు. నీకీ పాపపు సలహా ఎవరిచ్చారు, తప్పు దారి పట్టిన రాజును అడ్డుకోని మంత్రులను ముందు చంపాలి, కాకతాళీయంగా ఈ ఘోరం నాకు తగులుకుంది గాని నిజానికి జాలిపడవలసింది సైన్యంతో సహా నశించబోయే నీ గురించే అన్నాడు. ఆ తరువాత ‘పోదాం పద’ అన్నాడు.

ఆ మాట వినగానే రావణుడు అతణ్ని గట్టిగా కౌగిలించుకుని, ‘ఇప్పుడు నువ్వు మారీచుడివి, ఇంతకుముందున్నవాడు ఎవరో మరో రాక్షసుడు’ అన్నాడు. ఇద్దరూ ఒకే రథమెక్కి దండకకు వచ్చారు. రాముడి ఆశ్రమం కనబడగానే రావణుడు మారీచుడి చెయ్యి పట్టుకుని, అరటి చెట్ల నడుమ ఉన్న ఆ ఆశ్రమాన్ని చూపించి, ఇక త్వరగా కానీయమన్నాడు. ఒక మనిషిని చావుకు పంపుతూ స్నేహంగా చెయ్యి పట్టుకోవడం చదివిన ప్రతిసారీ నాకు ఆ చెయ్యి చల్లదనం తెలిసినట్లు అనిపిస్తుంది.

ప్రశ్న: రావణుడు అంతకుముందే ఒకసారి మారీచుడి దగ్గరికి వచ్చి, అతని హితవు విని తిరిగి వెళ్లిపోయాడని మా నాన్నగారు అంటారు. ఒకసారి విన్నవాడు రెండోసారి ఎందుకు వినలేదు?
(ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: మీ నాన్నగారు చెప్పింది మన ప్రాంతంలో పారాయణ చేసే పాఠంలో 31వ సర్గలో ఉంది. జనస్థానంలో ఖరుడు, అతని 14,000 మంది రాక్షసులు హతమైన వార్తను అకంపనుడనే రాక్షసుడు లంకకు మోసుకొచ్చి, యుద్ధంలో రాముణ్ని గెలవలేవు గనుక సీతను అపహరించమని సలహా ఇచ్చాడు. రావణుడు మారీచుడి దగ్గరికి వెళ్లగా, ఈ సలహా ఇచ్చినవాడు నీకు మిత్రుడి వేషంలో ఉన్న శత్రువని, లంకకు పోయి నీ భార్యలతో సుఖంగా ఉండమని, రాముణ్ని తన భార్యతో అడవిలో ఉండనీయమని మారీచుడు చెప్పాడు. రావణుడు ఆ మాట విని వెనుదిరిగాడు. బరోడాలో పండితులు ప్రతులను పోల్చి పరిష్కరించిన పాఠంలో ఈ సర్గ మూలంలో చేరలేదు. ఇది తరువాత చేరిందనుకుంటే మీ ప్రశ్నే ఉండదు.

మూలంలో భాగమే అనుకుంటే మాత్రం తేడా నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. మొదటిసారి వచ్చింది ఓటమి వార్త మాత్రమే. రెండోసారి శూర్పణఖ నిండు సభలో, మంత్రులందరూ వింటూ ఉండగా, రాజ్యం పోతున్నా తెలియని కాముకుడివని అన్నను నిలదీసింది. సీత అందాన్ని వర్ణించి, ఆమెను నీకు భార్యగా తీసుకురాబోతేనే నాకీ గతి పట్టిందని అబద్ధమాడింది. కాబట్టి మారీచుడి ఆశ్రమానికి రెండోసారి వచ్చేటప్పటికే రావణుడు తానొక అబద్ధానికి ఒప్పుకుని వస్తున్నాడు. సభలో పోయిన పరువు ఒకటి, మనసులో రగిలిన కోరిక ఒకటి ఉన్నవాడికి హితవు చెవికెక్కదు.

ప్రశ్న: మారీచుడు రావణుడికి మేనమామ అవుతాడా? పౌరాణిక నాటకాల్లో ‘మామా’ అని పిలుస్తారు కదా.
(ఒక పాఠకుడు, నంద్యాల)

జవాబు: వాల్మీకిలో ఆ బంధుత్వం లేదు. మారీచుడి తల్లి తాటక సుకేతుడనే యక్షుడి కూతురు, సుందుడి భార్య. సుందుడు అగస్త్యుడి శాపంతో చనిపోగా, కక్షతో ఆ ముని మీదికి వెళ్లిన తల్లీకొడుకులు అతని శాపం వల్లనే రాక్షసులయ్యారు. రావణుడి తల్లి కైకసి సుమాలి కూతురు. రావణుడు మారీచుణ్ని ‘తాత’ అని పిలిచాడు గాని సంస్కృతంలో ఆ మాట మన ‘నాయనా’ వంటిది. నాటకాల వారు ‘మామా’ అన్న పిలుపును ఆ చనువు కోసం వాడుకుని ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది.

ప్రశ్న: రాముడి చేతిలో మరణిస్తే మోక్షం వస్తుందనే మారీచుడు వెళ్లాడని హరికథల్లో చిన్నప్పటి నుంచి వింటున్నాను. బెదిరిస్తే వెళ్లినవాడి మీద, అందులోనూ భక్తుడి మీద పాపం వేయడం న్యాయమా? మాటల్లో మోసగాణ్ని ‘మారీచుడు’ అంటుంటే నాకు బాధ కలుగుతుంది.
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. మీరు విన్న మారీచుడు అధ్యాత్మ రామాయణంలో ఉన్నాడు. అక్కడ అతడు, ఈ దుష్టుడి చేతిలో చస్తే నరకం, రాముడి చేతిలో చస్తే సంసార సాగరం నుంచి విముక్తి అని తలపోసి బయలుదేరతాడు. రాముణ్ని పరబ్రహ్మగా చూసే ఆ గ్రంథానికి ఆ భావం సహజం. మన హరిదాసులు, పౌరాణికులు ఆ మారీచుణ్నే ఎక్కువగా మన ముందుకు తెచ్చారు.

వాల్మీకి మారీచుడికి మోక్షచింత లేదు. ఉన్నది భయం, రావణుడి మీద కోపం, వీరుడి చేతిలో చావాలన్న రోషం. బలవంతం మీద వెళ్లాడన్నది కూడా పూర్తిగా నిజమే, లేడిగా మారేవరకు. అయితే గతాన్ని కూడా తలచుకోవాలి. రావణుడు తాను స్వయంగా యాగాలు చెడగొట్టనప్పుడు మారీచ సుబాహులను ఉసిగొల్పుతాడని బాలకాండలోనే విశ్వామిత్రుడు దశరథుడితో చెప్పాడు. అంటే రావణుడి చేతిలో పనిముట్టుగా పనిచేయడం అతడికి ఆ రోజు కొత్తగా వచ్చినది కాదు. ఒకప్పుడు ఇష్టపడి చేసిన పనినే ఇప్పుడు వద్దనుకుంటున్నాడు, కానీ పాత యజమానికి దారి తెలుసు.

నా అభిప్రాయం మారింది 44వ సర్గ నిదానంగా చదివిన తరువాత. రాముడి బాణం లేడి గుండెలో దిగింది. తాటిచెట్టంత ఎత్తు ఎగిరి నేల మీద పడ్డ మారీచుడు ఆ మాయారూపాన్ని విడిచిపెట్టాడు. ఆ క్షణంలో అతడి పరిస్థితిని ఒక్కసారి ఊహించండి. రావణుడి బెదిరింపుకు ఇక బలం లేదు, చంపుతానన్నవాడు చంపడానికి ప్రాణమే మిగలడం లేదు. అర్ధరాజ్యం వచ్చేదీ లేదు. మోక్షమే కోరినవాడైతే ఎదురుగా వస్తున్న రాముణ్ని చూస్తూ మౌనంగా కన్ను మూయవచ్చు. కవి ఏం చెప్పాడంటే, అతడు రావణుడి మాటను తలచుకున్నాడు. సీత లక్ష్మణుణ్ని ఏ ఉపాయంతో పంపుతుంది, ఆమె ఒంటరిగా ఉండగా రావణుడు ఎలా ఎత్తుకుపోతాడు అని ఆలోచించాడు. ఇదే సమయమని నిశ్చయించుకుని రాముడి గొంతుతో ‘హా సీతా, హా లక్ష్మణా’ అని అరిచాడు.

బెదిరింపు తనను వదిలేసిన తరువాత కూడా అతడు ఆ పని పూర్తిచేశాడు. ‘రామో విగ్రహవాన్ ధర్మః’ అన్న నోరే ఆ కేక వేసింది. అడవికి వెళ్లినందుకు నేను మారీచుణ్ని తప్పుపట్టలేను, ఆ స్థితిలో నేనుంటే ఏం చేసి ఉండేవాణ్నో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను గనుక. కానీ ఆ కేక రావణుడు వేయించినది కాదు, మారీచుడు తానే వేసినది. హితవు చెప్పిన మారీచుడిని, ఆ కేక వేసిన మారీచుడిని ఒకే మనిషిగా చూడడం కష్టమే. వాల్మీకి అలాగే చూపించాడు.

లేడి కనబడగానే అది మారీచుడని గుర్తుపట్టినవాడు లక్ష్మణుడు. ప్రపంచంలో ఇలాంటి రత్నాల మృగం లేదని అన్నగారితో చెప్పాడు. కేక విన్నాక అది రాముడి గొంతు కాదని, రాక్షసుడి మాయ అని వదినగారితోనూ చెప్పాడు. ఆమె నమ్మలేదు. వినరాని మాటలు అన్నది. అతడు చేతులు జోడించి, ఆమెను వనదేవతలు కాపాడాలని కోరుకుని, వెనుదిరిగి చూసుకుంటూ రాముడు వెళ్లిన దిక్కుకు నడిచాడు.